ఏడేళ్లు ఆలస్యమైన ఊయల

మీ ప్రభుత్వం పొరుగుదేశం మీద అలిగితే, ఆ అలక తీరేదాకా మీరు మీ మనవరాలిని ఎత్తుకోకుండా ఉండగలరా? ఉజ్బెకిస్తాన్‌లో అందిజాన్ దగ్గరి పల్లెలో ఉండే సలోమత్ ఏడేళ్లు ఉండవలసి వచ్చింది. పెద్దకూతురు నిగినాను ఆమె ఓష్ పట్టణానికి ఇచ్చింది. బండి మీద గంట ప్రయాణం. ఆ గంట మధ్యలో కిర్గిజ్ సరిహద్దు ఉంది. నిగినాకు తొలికాన్పు కాకముందే దాన్ని మూసేశారు.

తొలి మనవరాలికి ఊయల తీసుకువెళ్లడం ఉజ్బెక్ అమ్మమ్మకు బాధ్యతే కాదు, హక్కు కూడా. సలోమత్ రంగులద్దిన చెక్క ఊయల వేళకే కొన్నది. అది గోడవార పాత దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. అవతలివాళ్లకు మనమంటే గిట్టదనీ, ఈ కట్టడి ప్రజల క్షేమం కోసమేననీ టీవీ చెప్పేది. మొదట్లో ఆమె నమ్మలేదు. పోనుపోను నమ్మకుండా ఉండడానికి కూడా ఓపిక చాలలేదు. చిన్నకూతురు మఫ్తునా, మాస్కోలో తనతోపాటు కుట్టుపని చేసిన ఓష్ అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు, ఒక కూతుర్ని తాళం వెనక పెట్టింది చాలునని సలోమత్ తోసిపుచ్చింది.

ఏడో ఏడు శరత్కాలంలో సరిహద్దు తెరిచారు. విధానం మారిందని అదే టీవీ అదే గొంతుతో చెప్పింది. నిన్నటిది తప్పని మాత్రం అనలేదు. సలోమత్‌కు అదే కంటగింపు. కారణం చెప్పకుండా తెరిచినవాళ్లు, కారణం చెప్పకుండా మళ్లీ మూయరని హామీ ఏమిటి? అవతలి మనుషుల మనసు చూసి వచ్చి జవాబు చెబుతానని మఫ్తునాకు మాట ఇచ్చింది. ఆ ఊయల మనవరాలి పెళ్లికి పనికొస్తుందిలే అని మొగుడు నజీర్ వేళాకోళం చేస్తున్నా వినకుండా దాన్ని బండికెక్కించింది.

గేటు దగ్గర తమ దేశపు జవానే దుప్పటి తొలగించి చూశాడు.

"బిడ్డకు ఎన్నో నెలమ్మా?"

"ఒకటో తరగతి, నాయనా."

అతను నవ్వాడు. "మరి ఊయల ఇప్పుడా?"

"నేను వేళకే కొన్నా. ఆలస్యం మీ గేటుది."

జవాను వెనకాల బారును ఒకసారి చూసి, గొంతు తగ్గించి, తన మేనత్త కూడా అటే ఉందన్నాడు. దుప్పటి మళ్లీ తనే కప్పాడు.

ఈపాటికి వాళ్లు వేరే ఊయల కొనుక్కునే ఉంటారని సలోమత్ దారంతా దిగులుపడింది. ఓష్‌లో వియ్యపురాలు తుర్సునోయ్ ఆమెను లోపలికి తీసుకువెళ్లింది. నిగినా రెండో బిడ్డ, మూడు నెలల పిల్లవాడు, మడిచిన బొంత మీద నిద్రపోతున్నాడు. ఆ ఇంట్లో ఊయల లేదు.

"ఊరంతా మాకు ఊయల కొనే దిక్కు లేదనుకున్నారు," అంది తుర్సునోయ్. "అమ్మమ్మ తెస్తోంది, దారిలో ఉందని చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. ఏం వదినా, గంట దారి ఏడేళ్లు నడిచావా?"

సలోమత్‌కు నవ్వుతోపాటు కన్నీళ్లూ వచ్చాయి. గుండెల మీది బండ దిగినట్టయింది.

"మీకు మేమంటే గిట్టదని మా టీవీ చెప్పింది," అంది.

"మీకు మేమంటే గిట్టదని మాదీ చెప్పింది."

"నమ్మావా?"

తుర్సునోయ్ తడుముకోలేదు. "అప్పుడప్పుడు. నువ్వో?"

"నేనూ అంతే."

ఇంతలో మనవరాలు ఒయ్‌దిన్, తమ్ముడికంటే ముందు తన వంతేనని పట్టుబట్టి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఊయలలో ఇమిడింది. ఆచారం ప్రకారం ఇంటి ఆడవాళ్లు ఆ పిల్ల తలమీదుగా మిఠాయిలు చల్లారు. ఊయల కిర్రుమంది గాని విరగలేదు.

ప్రభుత్వం మీద అనుమానం సలోమత్‌ను వదలలేదు; వదలాలని ఆమె అనుకోనూ లేదు. కాని ఆ అనుమానానికి కూతురిని శిక్షించకూడదని తేలిపోయింది. సాయంత్రం మఫ్తునాకు ఫోన్ చేసింది.

"నిశ్చయానికి రొట్టె విరుద్దాం, ఆ అబ్బాయి పెద్దల్ని రమ్మను. ఒక్కటే షరతు. ఈసారి ఊయల పెళ్లిరోజే నీతోపాటు పంపిస్తా."