నాలుక మీద కరిగే ఉండ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరు ఎక్కడికి బయలుదేరినా కొంగున వేయించిన వేరుశెనగ విత్తనాలు కట్టుకునేవాళ్ళు. పెద్దలకూ అవే, పళ్ళు సరిగా రాని పిల్లలకూ అవే. అనంతపురం మెట్ట నేలల్లో అంతకు మించి చేతికందే తిండి ఏముంది గనక! కరువొచ్చిన ఆ ఏడు మాత్రం అవి కూడా తినవలసినవి కావు. విత్తడానికి దాచుకున్నవి. వాన కోసం చూసి చూసి, అదను దాటిపోయాక మా అవ్వ ఆ మూట విప్పి మూకుట్లో పోసింది. మామూలుగా ఆ వాసనకు పిల్లలం పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. ఆ రోజు ఎవరమూ దగ్గరికి పోలేదు.

నాయన అప్పటికే గుంతకల్లుకు కూలికి పోయి ఉన్నాడు. అక్కడ జ్వరంతో పడి ఉన్నాడని కబురు వస్తే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని బయలుదేరింది. తమ్ముడు అప్పుడప్పుడే అడుగులు వేస్తున్నాడు. నోట్లో ముందు పళ్ళు నాలుగే, ఆకలి మాత్రం పెద్దవాళ్ళది. బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడితే ఎండకు తాళలేక ఒకటే ఏడుపు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి అమ్మ కొంగు ముడి విప్పి గుప్పెడు గింజలు తీసింది.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. ఆమె ఒక్కగానొక్క కొడుకు అంతకుముందు ఏడాది ఇలాగే బస్సులో పోతూ తల్లి ఒళ్ళోనే చనిపోయాడు. గాలి సోకిందని ఊరంతా అనుకున్నాం. అప్పటి నుంచి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఆమె ఎదురు రాకుండా చూసుకుని మరీ గడప దాటేవాళ్ళు. ఆమెకూ ఆ సంగతి తెలుసు. ఎవరైనా మూటతో కనిపిస్తే తనే పక్క సందులోకి తప్పుకునేది. అలాంటి మనిషి ఆ రోజు పరుగున వచ్చి, అమ్మ చేతిలోని గింజలను నేల మీదకు తట్టేసింది.

అమ్మ మండిపడింది. "ఏం మే, పిచ్చి పట్టిందా నీకు? ఆయప్ప ఆడ ఎట్లుండాడో ఏమో అని నేను ఏడస్తాంటే, బిడ్డనెత్తుకోని పోయేటప్పుడా నువ్వు ఎదురొచ్చేది!"

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒడిలోంచి చిన్న గుడ్డమూట తీసింది. వేయించిన రాగిపిండిలో మెత్తగా దంచిన వేరుశెనగ పొడి, బెల్లం కలిపి కట్టిన ఉండలు అవి. అమ్మ చెయ్యి చాపలేదు. బిడ్డను పోగొట్టుకున్న చేతి తిండి, అందులోనూ ప్రయాణంలో, తన బిడ్డకు ఎలా పెడుతుంది? దూరంగా బస్సు రేపిన దుమ్ము కనిపిస్తోంది.

"వదినా, నా కొడుక్కు గాలీ సోకలేదు, ఏమీ సోకలేదు," అంది అక్క. "బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడు వాని నోట్లో ఇత్తనం ఉండె. ఆకిలని ఏడస్తాంటే నేనే పెట్టినా. గొంతుకు అడ్డం పడె. నా చేత్తో నేనే పెట్టినా వదినా."

ఆ మాట ఆమె అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. గాలి అన్నంతసేపూ ఊరు జాలిపడుతుంది. ఈ నిజం తెలిస్తే ఏమంటుందో ఆమెకు తెలియదా? అయినా మా తమ్ముడి కోసం చెప్పేసింది. అదెంత పెద్ద మాటో నాకు పిల్లలు పుట్టాకే అర్థమైంది, అర్థమైన రోజు చాలాసేపు ఏడ్చాను.

బస్సు ఆగింది. అమ్మ మూట అందుకుంది. అక్క ఒక ఉండ చిదిమి కొంచెం నా నాలుక మీద పెట్టింది. "పండ్లు ఆనియ్యద్దు పాపా. దానంతట అదే కరగల్ల. కరిగితేనే నీ తమ్మునికి పెట్టు. బస్సు నిలిచినప్పుడే, కూచోబెట్టి పెట్టు."

బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఆమె రోడ్డు మీద కూర్చుని దుమ్ములో పడిన గింజలు ఏరుతోంది. ఆ కరువులో గింజ పారేసేంత ధైర్యం ఎవరికీ లేదు. దారిలో బస్సు ఆగినప్పుడల్లా ఉండ చిదిమి, ముందు నా నాలుక మీద కరిగించి చూసుకునే వాడికి పెట్టాను.

నాయన ఆ జ్వరం నుంచి లేచాడు. మేము ఊరికి తిరిగొచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. బెంగళూరు వైపు కూలికి పోయారన్నారు. అమ్మ చాలాకాలం ఆమె కోసం వాకబు చేసింది గానీ మళ్ళీ చూడలేకపోయాం.

ఇప్పుడు మనవరాలిని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా కోడలు బిస్కెట్ల పొట్లాలు సర్దుతుంది. నేను వాటిని పక్కన పెట్టి రాగి ఉండలు కడతాను. "పిల్లకు పండ్లొచ్చినాయి గదత్తా, ఇంకా ఇంత మెత్తగ ఎందుకు?" అని నవ్వుతుంది. ఏం చెప్పను? తమ్ముడికి తల నెరిసింది, ఆ అక్క వాడికి గుర్తు లేదు. ఆమె కొడుకైతే ఊళ్ళో ఎవరికీ గుర్తు లేడు. ఉండ కట్టగానే కొంచెం చిదిమి నాలుక మీద పెట్టుకుంటాను. అది కరిగేదాకా ఆ తల్లినీ బిడ్డనూ తలుచుకుంటాను. కరిగాకే మా పాపకు పెడతాను.