సర్క్యూట్ సారు గదికి తనిఖీ

నీటి సరఫరా ఆఫీసులో ఆయన గుమాస్తా. ఇంట్లో మాత్రం శాస్త్రవేత్త. ఆఫీసులో అందరూ సర్క్యూట్ సారు అంటారు. అది మెచ్చుకోలని ఆయన నమ్మకం. ఆరేళ్లుగా వెనక గదిలో ఆయన సాధించినవి మూడు: చీకటి పడగానే ఆరిపోయే లైటు, వాన వెలిశాక మోగే అలారం, ఇల్లంతా ఒకేసారి కరెంటు పోయే ఏర్పాటు.

ఆ మూడోది నెలలో నాలుగోసారి జరిగినప్పుడు భార్య తలస్నానం మధ్యలో ఉంది. నెత్తిన నురగతోనే బయటికొచ్చింది.

“ఆదివారం మా అన్నయ్య వస్తాడు. గది చూసి పర్లేదంటే మీది. లేదంటే సామానంతా పాత ఇనుము బండికి.”

అన్నయ్య ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ముప్పై ఏళ్ల సర్వీసులో పది వేళ్లూ దక్కించుకున్న మనిషి.

గది పోతే సర్క్యూట్ సారుకు మిగిలేది గుమాస్తాగిరీ ఒక్కటే. అందుకని నాలుగు రోజులు సెలవు పెట్టి భద్రత మీద పడ్డాడు. ‘తడి చేతులతో ముట్టరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు. ఇసుక బకెట్ తెచ్చాడు. కాళ్లకు అడ్డం వస్తోందని దాన్ని అటక మీదికి ఎక్కించాడు.

ఆదివారం ఆ అన్నయ్య, అంటే సర్క్యూట్ సారుకు బావగారు, వచ్చి గుమ్మంలోనే నిలబడి కాగితం చదివాడు.

“బావుంది. ఇది ఎవరి కోసం బావా?”

“ఇంట్లోవాళ్ల కోసమండీ. నాకెలాగూ తెలుసుగా.”

బావగారు అలమరాలోంచి ఒక సీసా తీసి ఊపాడు. లోపల లావుపాటి ఇత్తడి ముక్కలు గలగలమన్నాయి.

“ఏంటివి?”

“ఎర్త్ పిన్నులు బావగారూ. నా ఎక్స్‌టెన్షన్ బాక్సుకి రెండేసి కన్నాలే. మూడో పిన్ను అడ్డమొస్తోందని ప్లగ్గులన్నిటికీ కోసేశాను. ఇత్తడి కదా, పారెయ్యబుద్ధి కాలేదు.”

“మంచి పని చేశావ్. మనిషి పోయినా పిన్నులు భద్రం.”

సర్క్యూట్ సారుకు రోషం వచ్చింది. పాత కంప్యూటర్లోంచి పీకిన పవర్ సప్లై డబ్బా ఒకటి మూత లేకుండా బల్ల మీద ఆన్‌లో ఉంది. దాని ముందు కుర్చీలో కూర్చుని, ప్లగ్గు లాగి, బావగారి కళ్ల ముందు ఆడించాడు.

“నేనూ మెడకాయ మీద తలకాయ ఉన్నవాణ్ణే. ప్లగ్గు తీశాకే లోపల చెయ్యి పెడతాను. ఇదిగో, ఇలా...”

చెయ్యి లోపల తగలగానే కుర్చీతో సహా వెనక్కి వెళ్లి గోడ దగ్గర, తన కాగితం కిందే కూలబడ్డాడు. నోట్లోంచి వచ్చిన శబ్దం అక్షరాల్లో పెట్టేది కాదు.

భార్య పరిగెత్తుకొచ్చింది.

“ఏమండీ, మాట్లాడండి. ఏదో ఒకటి అనండి.”

“ప్లగ్గు తీశాను,” అన్నాడాయన.

“తీశావ్. లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్ మాత్రం నిండుగానే ఉంది,” అన్నాడు బావగారు డబ్బాలోకి తొంగి చూస్తూ. “దాన్ని ఖాళీ చేసే రెసిస్టరు ఇక్కడుండాలే, ఏది?”

“ఊరికే వేడెక్కుతోందని పీకేశాను.”

బావగారు చెల్లెలి వైపు తిరిగాడు.

“బండివాణ్ణి పిలవనా?”

ఆమె భర్త చెయ్యి చూసింది. అది అప్పుడే ఊడిన ప్లగ్గు కోసం తడుముకుంటోంది.

“వద్దన్నయ్యా. ఇక్కడ తీసేస్తే పడగ్గదిలో మొదలెడతారు. ఈ గది స్విచ్చు నా దగ్గర పెట్టు.”

సాయంత్రానికి కొత్త ఎర్త్ వైరు, మూడు కన్నాల సాకెట్లు, తేడా వస్తే టక్కున పడిపోయే ట్రిప్ స్విచ్ వచ్చాయి. గది మెయిన్ స్విచ్చు వంటింట్లోకి మారింది.

సోమవారం ఆఫీసు నుంచి రాగానే సర్క్యూట్ సారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“కాస్త కరెంటు వెయ్యి.”

“డబ్బాకి మూత బిగించారా?”

“బిగిస్తే పని ఎలా చేస్తాను?”

“మూత తీసి చేసే పని కరెంటు లేకుండా, కెపాసిటర్ ఖాళీ చేశాకే చెయ్యమన్నాడు అన్నయ్య.”

“మీ అన్నయ్యకేం, ఫ్యాక్టరీ మనిషి.”

“అవును. ముప్పై ఏళ్లయినా పది వేళ్లూ ఉన్నాయి.”

ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. చివరికి, ఆరేళ్లలో మొదటిసారి, మూత స్క్రూలు వెతకడానికి గదిలోకి వెళ్లాడు. నాలుగింటిలో ఒకటి దొరికింది.