వైపర్ స్విచ్ జరిపిన చెయ్యి

మొన్న మా బిడ్డ కొత్త కారు కొని, నన్ను పక్కన కూసోబెట్టుకొని, ముందరి తెరమీద వేలితో పాటల బొమ్మను ఒక దిక్కు, దారి చూపే పటాన్ని ఇంకో దిక్కు జరుపుకుంట, ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకోవచ్చు నాయినా అని మురిపెంగ చూపెడుతుంటే, నా కండ్లు మాత్రం వైపర్ స్విచ్ యాడుందోనని ఎతికినయి.

గా సంబురం నాకూ ఒకప్పుడు ఉండె. మహబూబాబాద్‌ల బండ్ల కరెంటు పని చేసేటోణ్ణి, నాకో పాత జీపుండె, తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులాయె, సభ యాడుంటే ఆడికి మైకు కట్టుకొని పోయినం. నడుపుకుంటనే పాట పెంచుడు అల్కగ ఉంటదని, ఎడమ చెయ్యి చాపితే అందే వైపర్ స్విచ్ పీకి కింద మోకాలు పక్కకు దించి, ఆ జాగల పాటల స్విచ్ బిగించిన. దానిమీద అక్షరం ముక్క రాయలే; నా బండి నా చేతికి ఎరుకే గద అన్న పొగరు.

ఓనాడు నాకు జరమొచ్చి మా చిన్నాయిన కొడుక్కు తాళంచెవి ఇచ్చిన. డీజిల్ సంగతి చెప్పిన, బ్రేకు సంగతి చెప్పిన, ఈ ఒక్క ముచ్చట మరిచిన. రేగొండ దారిల వాన దంచికొట్టింది. వెనుక కూసున్నోళ్లు చెప్పిందేందంటే, ముందర ఏమీ కనపడని వానల పాట ఒక్కసారే గుయ్యిమని పెరిగిందట, ఎంటనే బండి కల్వర్టుకు గుద్దిందట. గంత వానల పాటలేందిరా వీనికి అని అందరూ వాణ్ణే తిట్టిన్రు. వాని చెయ్యి దేనికోసం పోయిందో నాకైతే వినంగనే ఎరుకైంది.

వాడింకా దవాఖానల తెలివి లేక పడి ఉండంగనే, జీపును షెడ్డుకు ఈడ్చుకొచ్చి, తలుపు దగ్గరేసుకొని, పాటల స్విచ్‌ను పక్కకు జరిపి, వైపర్ స్విచ్‌ను ఎన్కటి జాగలనే బిగించిన. థూ, ఏం బతుకు నాది! తెలివొచ్చినంక వాడు వైపర్ కోసమే చెయ్యి పెట్టిన అని మొత్తుకున్నడు. నలుగురు పోయి చూస్తే స్విచ్ ఉండాల్సిన చోట్నే ఉండె. కొన్నాళ్లకు తన చెయ్యే తప్పిందని వాడే నమ్మిండు. కుడికాలు మోకాలి కాడికి తీసేసిన్రు, మళ్ల స్టీరింగు ముట్టలే.

రాష్ట్రం వచ్చింది, ఆ గుంతల దారి నున్నగైంది, ఒకరి బండిని నలుగురు నడిపే కాలం పోయింది. వాడు మాత్రం ఇప్పటికీ కట్టెకాలుతోని మా ఇంటికొస్తడు, చాయ తాగుకుంట, నా తప్పుకు నువ్వు ఆర్నెల్లు దవాఖాన చుట్టు తిరిగినవ్, నీ అసొంటి అన్న ఎవనికి ఉంటడే అంటడు. నేను తల దించుకొని వాని కప్పుల ఇంకింత చాయ పోస్త.