దుడ్డిచ్చి కొన్న గడ్డి

మదనపల్లెలో మా ఇంటి ముందు గోడ వారగా ఒక పూలమడి ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండే. మందారాలు, బంతి, నాచుపూలు వేశాను. వాటి మధ్య గాలికి ఊగే అలంకారపు గడ్డి పెడితే మడికి నిండుదనం వస్తుందని నర్సరీ ఆయన చెప్పాడు. నాకు ఆశ పుట్టింది. ఆ ఆశలో ఇంట్లో అమ్మ ఉన్న సంగతి మరిచిపోయాను.

అమ్మ కురబలకోట పక్క పల్లెలో బతుకంతా చెనక్కాయ చేలల్లో కలుపు తీసిన మనిషి. మతిమరుపు జబ్బు మొదలయ్యాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. నా పేరు అప్పుడప్పుడూ తడబడేది గానీ, గడ్డి కనబడితే ఆమె చేయి తడబడేది కాదు.

మొదట తెచ్చింది నక్కతోకల్లాంటి కంకులు వేసే పచ్చగడ్డి. మర్నాటికి దుబ్బులన్నీ వేళ్ళతో సహా గేటు దగ్గర కుప్పగా పడి ఉన్నాయి.

"యాలమ్మా పీకినావు? దుడ్డిచ్చి తెచ్చింది అది," అన్నాను.

"దుడ్డిచ్చి గడ్డి కొంటారా ఎవురైనా? ఎద్దుండాదా ఇంట్లో?"

మా ఆయన పడీపడీ నవ్వాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదులే," అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

చారలుంటే కలుపనుకోదని పుంగనూరు పోయి తెల్లచారల గడ్డి తెచ్చాను. తెగులు పట్టిందని అమ్మ దాన్ని ఇంకా ముందే పీకేసింది. నిమ్మగడ్డి పెడితే వాసన చూసి, "ఇది మందుకు పనికొస్తాది, ఉండనీ," అంది. కానీ నాకు కావలసింది ఆ ఊగే కంకులు. లోకమంతా ఎండకు తట్టుకుంటుందా, ఎంత ఎత్తు పెరుగుతుందా అని చూసి కొంటుంది. నేను అమ్మ కంటికి గడ్డిలా కనబడని గడ్డి కోసం వెతుక్కుంటూ తిరిగాను.

ఈమధ్య పెళ్ళికని కుప్పం పోతే ఊదారంగు ఆకుల గడ్డి దొరికింది. తెచ్చి నాటాను. వారం చూశాను, నెల చూశాను, అమ్మ దాన్ని ముట్టుకోలేదు. రంగు మార్చి గెలిచానని మురిసిపోయాను. గడ్డి దుబ్బులు కట్టింది, కంకులు వేసింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు.

ఒక ఉదయం నీళ్ళు పోస్తుంటే ఆ దుబ్బుల మధ్య తుంగ కనబడింది. అసలైన కలుపు, మోకాలెత్తు పెరిగి ఉంది. దాని పక్కనే కుర్చీలో అమ్మ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, తుంగ సూడు. పీకుదువు రా."

ఆమె నన్ను మర్యాదగా చూసింది. "మీ చేనా అమ్మా ఇది? పైరు బాగా వచ్చుండాది."

ఆమె చేయి పట్టుకుని తుంగ మీద పెట్టాను. నిమిరి వదిలేసింది. ఇట్ట పీకల్ల అని చూపించడానికి నేనే ఒక ఊదా దుబ్బును పెరికి చేతికిచ్చాను. వేళ్ళ మట్టి దులపకుండానే ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నీ పీకెయ్‌మ్మా, నేనేమీ అనను," అని బతిమాలాను. ఆమె ఊగుతున్న కంకులను చూస్తూ, బాగుండాదని తలూపింది.