జమీలక్క చూసిన ఆస్ట్రేలియా

జమీలక్క ఎంత పిరికిదో ముందే చెప్పేస్తాను. ఒంటి మీద బల్లి పడితే తలస్నానం చేస్తుంది. పిల్లి ఎదురైతే బయలుదేరిన పని మానుకుని వెనక్కి తిరుగుతుంది. గేటు పక్కన ఎండిన ఖర్జూరపు మట్ట గాలికి కదిలితే "పాము! పాము!" అని వీధంతా వినిపించేలా అరుస్తుంది. అలాంటి మనిషి రాయచోటి దగ్గరి పల్లె నుంచి, భర్త పోయిన ఏడాది తిరగకుండానే, ఒంటరిగా విమానమెక్కి దోహాకు వచ్చింది. ఆ ధైర్యం ఎక్కడిదో ఆమెకే తెలియదు. అడిగితే "అప్పుడు ఆలోచించలేదప్పా" అంటుంది.

నేను నాగప్పను. మాది కదిరి వైపు. దోహాలో ఆమె ఆయాగా పనిచేసే ఇంట్లోనే నేను డ్రైవర్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె అందరికీ చెబుతుంది. ఆ ఊరి ఎండలో రోజంతా బండి నడిపేవాడికి కోపం ఇంకెక్కడ ఉంటుంది? యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలవడం అక్కడి వాడుక. వాళ్ల పెద్దకూతురు నూరాను పాలపళ్లు రాకముందు నుంచి పెంచింది జమీలక్కే.

జమీలక్క ఊళ్లో రాతి గోడల ఇళ్లు. రాళ్ల సందుల్లో తేళ్లు. అక్కడ పడుకునే ముందు దుప్పటి దులిపి, మంచం కింద వంగి చూసి, చెప్పులు నేలకేసి కొట్టిగాని ఎవరూ నడుము వాల్చరు. అదే అలవాటును ఆమె దోహాకు మోసుకొచ్చింది. బాబా ఇల్లు పాలరాతి ఇల్లు, అందులో చీమ దొరకాలన్నా వెతుక్కోవాలి. అయినా ప్రతి పూటా నూరా మంచం కింద వంగి, "మాఫీ" అనేది. అరబ్బీలో ఏమీ లేదు అని అర్థం. అది వినబడితేనే పిల్ల కళ్లు మూసేది.

ఆ అలవాటు చివరికి నా బండి దాకా వచ్చింది. బడికి వెళ్లే ముందు నూరా తలుపు పట్టుకుని నిలబడేది. జమీలక్క సీటు కింద తలపెట్టి, నడుము పట్టేసేంతసేపు అలాగే ఉండి, లేచి "మాఫీ" అనేది. నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే లేచి అద్దంలా తుడిచిన బండి!

"నా బండిలో తేళ్లుంటాయా జమీలక్కా? నన్నేమనుకుంటాండావు?"

"నీ బండి సంగతి నాకేంటికప్పా? పిల్ల ఎక్కాల. అంతే."

పిల్ల ఎక్కేది. పిల్ల పెళ్లయ్యేదాకా ఇదే తంతు.

తొంభై ఐదులో నూరా పెళ్లయింది. భర్త చదువు కోసం ఇద్దరూ ఆస్ట్రేలియాలో పెర్త్ అనే ఊరికి వెళ్లారు. మరుసటి ఎండాకాలానికి నూరాకు నెలలు నిండుతున్నాయి. మామా కాన్పుకు బయలుదేరుతోంది. నూరా ఫోన్లో ఒకటే మాట అందట, జమీలా రాకపోతే కుదరదని. ఆ రోజు జమీలక్క సంతోషం చూడాలి. ఫరీజ్ బిన్ మహమూద్ పేట దాకా నాతో బండి తీయించి మిఠాయి కొనిపించింది. తోటమాలికి పెట్టింది, పక్కింటి వాచ్‌మన్‌కు పెట్టింది, నాకు రెండుసార్లు పెట్టింది.

అంతా బాగానే ఉంది. శుక్రవారం నర్సింగ్ వచ్చాడు.

నర్సింగ్‌ది ఆర్మూరు వైపు. కంపెనీలో సైటు పని. సెలవు రోజున గేటు పక్కన నా గదికి వచ్చి అన్నం తిని పోయేవాడు. మంచివాడే, కానీ వాడుండే కూలీల క్యాంప్‌లో ఎవడో జంతువుల కార్యక్రమాలు టీవీలో చూసే పిచ్చోడున్నాడు. ఆ పిచ్చి వీడికీ అంటుకుంది.

"అక్కా, గాడికి పోతవానే? పోకు!" అన్నాడు ముద్ద చేతిలోనే ఆపి. "గాడ సాలీడు గరిస్తె మనిషి దక్కడట. బూట్లల్ల దూరి కూసుంటదట. నీళ్లల్ల దిగితె మొసలి, ఒడ్డుకొస్తె పాము. ఇంగొకటున్నది, కడుపు సంచిల పిల్లను వెట్టుకొని ఎగిరి తంతది!"

"తోబా తోబా! పిల్లను పెట్టుకునే తంతాదా?" అంది జమీలక్క. మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

నాకు మండిపోయింది. "నువ్వెప్పుడన్నా పోయినావురా ఆ దేశం?"

"నేనెందుకు వోత? టీవీల జూసిన గద!"

"మీ పసుపు తోటలో కట్లపాములు తిరగవా? ఉత్త కాళ్లతో నీళ్లు కట్టేటోడివి, నువ్వు చెప్తావా?"

"గవి మన పాములు గదనే నాగప్పన్నా! గవెట్లుంటయో మనకెరుకనే. గాడివి మనకేమెరుక?"

చూశారా తర్కం! జమీలక్కకు మాత్రం అది ఎంతో సబబుగా తోచింది. ఊళ్లో తేలును చెప్పుతో కొట్టి పక్కకు నెట్టిన మనిషే, తెలిసిన తేలు కాబట్టి. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. బట్టలు ఆరేస్తూ ఆగిపోయేది, కూరగాయలు తరుగుతూ ఆగిపోయేది. చివరికి మామా దగ్గరకెళ్లి, నేను రాలేనని చెప్పేసింది.

మామా కొట్టినా బాగుండేది. కొట్టలేదు. "నూరా అడిగింది నిన్ను. గురువారం దాకా ఆలోచించుకో. రాకపోతే ఫిలిప్పీన్స్ అమ్మాయిని తీసుకుపోతాను" అని లోపలికి వెళ్లిపోయింది.

జమీలక్క నా గది ముందు మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నా కడుపున ఒక్కరు గూడా పుట్టలేదు నాగప్పా. ఈ పిల్లనే నేను పెంచుకున్నింది. పిల్ల నొప్పులు పడేటప్పుడు ఎవురో కొత్తామె చెయ్యి పట్టుకుంటే, ఇంక నేనుండి ఏం లాభం?"

"అయితే పో."

"సాలీడు?"

"అయితే పోవద్దు!"

"అట్లంటే ఎట్లప్పా?"

నాకు సహనం తక్కువ. బండి కడగాలని లేచిపోయాను. కడిగిన బండినే మళ్లీ కడిగాను. ఆమె ఏడుపు చూడలేకపోయాను, అదీ సంగతి.

గురువారం రానే వచ్చింది. సంతలో తెచ్చిన బియ్యం మూటలు వంటింట్లో దింపుతున్నాను. హాల్లో ఫోన్ మోగింది. నూరాయే. మామా కాసేపు మాట్లాడి, ముఖం అటు తిప్పుకుని, ఫోన్ జమీలక్క చేతికిచ్చింది. నేను మూట భుజాన పెట్టుకునే నిలబడిపోయాను. అవతలి నుంచి పిల్ల గొంతు నాక్కూడా వినబడుతోంది, ఎక్కిళ్లతో సహా.

వాళ్ల స్నానాలగదిలో అరచేయంత సాలీడు చేరిందట. భర్త చూసి, ఇది ఏమీ చేయదులే అని నవ్వి కాలేజీకి పోయాడట. నిండు చూలాలు, ఆ గదిలో అడుగు పెట్టలేక పక్కింటికి పోయి స్నానం చేసి వస్తోందట. "నువ్వొచ్చి చూడు జమీలా. నువ్వు చూసి మాఫీ అంటేనే నేను లోపలికి పోతాను."

జమీలక్క ఫోన్ పెట్టేసి, కొంగు నడుముకు దోపుకుంది. "మామా, నా పెట్టె ఎక్కడ పెట్టాల?" అని అడిగింది.

నాకు భుజం మీద మూట బరువే తెలియలేదు. అమ్మయ్య అనుకున్నాను.

అయితే భయం పోయిందనుకునేరు. పోలేదు. భయాన్ని కూడా పెట్టెలో సర్దుకుంది, అంతే. ఆమె చెల్లెలి కొడుకు రసూల్ సెలవు నుంచి తిరిగొస్తుంటే ఊరి నుంచి ఈశ్వరి వేరు తెప్పించింది. అది ఉన్నచోటికి పాము రాదని మా వైపు నమ్మకం. దర్గా నుంచి తావీదు వచ్చింది. వెల్లుల్లి దండ, పసుపు కొమ్ములు, ఎండుమిరపకాయలు, కర్పూరం. నర్సింగ్ తప్పు దిద్దుకోవాలని నిమ్మకాయలకు దారం కట్టి తెచ్చాడు.

"తావీదు, నిమ్మకాయలు రెండూనా?" అన్నాను.

"ఆ దేశం పాముకు ఏ దేవుడంటే భయమో నీకు తెలుసునా? అన్నీ ఉండనీలే."

విమానాశ్రయంలో పెట్టె దింపుతుంటే వెల్లుల్లి వాసన గుప్పుమంది. మామా ముక్కు మూసుకుంది. జమీలక్క తలుపు దాటే ముందు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపు చూసి నేను రోజుల తరబడి సరిగా తినలేదు. పోయేవాళ్లకు ఒక బాధ, ఉండేవాళ్లకు ఇంకో బాధ. మధ్యలో నర్సింగ్ వచ్చి, "అక్క సంగతేమన్న ఎర్కనా?" అని అడిగితే, "టీవీలో చూసుకో పో" అని కసిరాను.

తర్వాత ఒక పొద్దున బాబా లోపలి నుంచి తల మీద గుడ్డ కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. మగపిల్లాడు. తల్లీబిడ్డా క్షేమం. "జమీలా?" అన్నాను. "జమీలా క్షేమం" అని నవ్వాడు. నేను గదిలోకి పోయి, తలుపు వేసుకుని, హాయిగా ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను.

ఎండలు తగ్గేవేళకు తిరిగొచ్చారు. మామా బాబా కారెక్కింది. జమీలక్క, సామాను నా బండిలో. మనిషి ఒళ్లు చేసింది, రంగు తేలింది. గేరు మార్చకముందే మొదలుపెట్టాను.

"కరిచిందా ఏదన్నా?"

"యాడప్పా! అక్కడ చలికాలం, వానలు. పాములన్నీ మట్టిలో పండుకున్నాయంట. ఒక్కటే నా మీదికొచ్చింది, అదీ ఎయిర్‌పోర్టులో. ఇంతుంది కుక్క, పచ్చ కోటు ఏసుకొని."

ఆ కుక్క వచ్చి పెట్టె వాసన చూసి, దాని ముందు బుద్ధిగా కూర్చుందట. పరాయి దేశపు ఆకూ వేరూ పురుగూ లోపలికి రానివ్వరట, వెంటనే ఆఫీసర్లు వచ్చి పెట్టె విప్పించారట. వేరు తీశారు, వెల్లుల్లి తీశారు, నిమ్మకాయలు తీశారు. మామా సిగ్గుతో చచ్చిపోయింది. వేరును బల్ల మీద పెట్టి తడితే, దాన్లోంచి తెల్ల పురుగొకటి బయటికొచ్చిందట. అంతే, ఆఫీసరమ్మ "ఓ!" అని వెనక్కి గెంతి, ఇంకో ఇద్దర్ని పిలిచింది. వాళ్లు చేతులకు తొడుగులేసుకుని, ఆ పురుగును పట్టి సీసాలో పెట్టి మూత బిగించారట.

"మా రాయచోటి పురుగప్పా! గోరంత లేదు! దాన్ని చూసి ముగ్గురు భయపడినారు!" ఆమె సీటు మీద కొట్టుకుంటూ నవ్వింది. "అక్కడే నవ్వొచ్చేసింది నాకు, అందరి ముందర. వీళ్ల దేశానికి నేను భయపడేదేంది, నన్ను చూసే వీళ్లు భయపడ్తాంటే! తావీదు మాత్రం తిరిగిచ్చినారు పాపం."

నవ్వి నవ్వి బండి పక్కకు ఆపాల్సి వచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మరి స్నానాలగదిలో సాలీడు?"

"ఉన్నింది. పొయ్యేపొద్దుకు పిల్ల తలుపు కాడే నిలబడుకోని ఉండాది, అచ్చం నీ బండి కాడ నిలబడినట్లే. కడుపింత. నన్ను చూస్తానే తలుపు చూపించింది. నేను చీపురు తీసుకోని లోపలికి పోయి తలుపేసుకున్నా."

"నువ్వా?"

"నేనే. కండ్లు గట్టిగా మూసుకున్నా. కిటికీ తెరిసినా. గోడలకు నాలుగు దెబ్బలేసినా. బయటికొచ్చి 'మాఫీ' అంటి. పిల్ల లోపలికి పోయి తలంటుకునింది. పాట గూడా పాడుకునింది."

"మరి సాలీడు పోయిందా?"

"ఏమో. నేను చూడలేదు గదా!"

నాకు ఎప్పటి సంగతో గుర్తొచ్చింది. సీటు కింద తలపెట్టి అంతసేపు ఉండిపోయిన మనిషి. నెమ్మదిగా అడిగాను.

"జమీలక్కా, ఇన్నేండ్లూ నా బండిలో సీటు కింద?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఆడ గూడా కండ్లు మూసుకోనే ఉంటాంటినప్పా. నాకు భయం గదా. నేను వంగితే పిల్ల ఎక్కుతాది, నాకు ఆ మాత్రం చాలు."

నేను బండి తీశాను. ఇంటి గేటు దగ్గర దిగే ముందు ఆమె సంచిలోంచి పసివాడి ఫోటో తీసి చూపించింది. నూరా కళ్లే.

"వచ్చే ఏడాది చదువు అయిపోతాది, వచ్చేస్తారు" అంది. "బండి బాగా తుడిచిపెట్టుకో. వీనికి గూడా వంగాల."