నీళ్లు కలిపి వదిలిన చేపలు

తొట్ల మేస్త్రి కట్టిన తొట్టి కారిందని ఇంతవరకు ఎవరూ వెనక్కి తేలేదు. గాజు పలక అంచును సాన మీద రుద్ది, వేలు పెట్టి చూసుకుని, అతుకు పడే చోట తడి గాని చెమట మరక గాని లేకుండా తుడిచి, సిలికాన్ జిగురు గీతను ఒక్క ఊపిరిలో లాగుతాడు. మధ్యలో ఎవరు పలకరించినా పలకడు. గీత పూర్తయ్యాకే "ఆఁ, చెప్పండి" అంటాడు. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. వయసులో ఉండగా ఒక బట్టల కొట్టువాళ్లు పారేసిన షోకేసు ముక్కలు తెచ్చి మొదటి తొట్టి చేశాడు. అది కారి కింద వాటావాళ్ల పరుపులు తడిపింది. వాళ్లు తిట్టిన తిట్లే నా చదువు అని ఇప్పటికీ చెబుతుంటాడు.

దుకాణం ఇరుకు గది. రెండు గోడల నిండా రంగు చేపల తొట్లు, వాటి వెనక గాలి పంపుల గురగుర. పైన కాపురం. కొడుకు అచ్చు యంత్రం దగ్గర పనిచేస్తాడు. కోడలు చెరువు ఒడ్డు పిల్ల. ఆమె తండ్రి ఊరి చివర పెద్ద చెరువులో వల వేసి బతికేవాడు. వియ్యంకులిద్దరిదీ చేపల బతుకే కాబట్టి ఎకసెక్కాలకు కొదవ ఉండేది కాదు. మీ కొట్లో చేపలన్నీ కలిపి వండినా పూట కూరకు చాలవు బావగారూ అని ఆయన అంటే, మీ చేప మొహం ఒక్క పూటే చూస్తారు, మా చేప మొహం ఏళ్ల తరబడి చూస్తారు అని మేస్త్రి అనేవాడు.

చేపల వ్యాపారంలో చావు రోజూ ఉండేదే. తేలినదాన్ని తీసి పారేసి అమ్మకం మొదలుపెట్టే దుకాణాలే ఎక్కువ. మేస్త్రి అలా కాదు. జబ్బు చేసినదాన్ని వేరే తొట్టిలో ఉప్పునీళ్లలో పెట్టి, పూటపూటకీ చూసుకుంటాడు. ఊపిరున్న చేప తన చేతుల మీదుగా పోకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదలే కొంప ముంచింది.

అద్దాలు తుడిచే చేప అని ఒకటుంది. వేలెడంత ఉన్నప్పుడు ముచ్చటగా అద్దానికి నోరు అంటించుకుని పాచి గీకుతూ పాకుతుంది. తొట్టి కొన్న ప్రతివాళ్లూ దాన్నీ ఒకటి కొంటారు. అది మోచేయంత పెరిగి, తొట్టిలో మొక్కలు పెకిలించి, తోటి చేపల ఒళ్లు గీకడం మొదలుపెట్టాక బకెట్లో వేసుకుని దుకాణానికి తెస్తారు. మీ చేప మీరే ఉంచుకోండి అని వదిలేసి పోతారు. ఉంచుకోవడానికి మేస్త్రికి చోటు లేదు. అంత పెద్దదాన్ని కొనేవాడు లేడు. చంపడానికి చెయ్యి రాదు. అందుకని పొద్దున్నే బకెట్‌ను సైకిలుకు తగిలించుకుని పెద్ద చెరువుకు వెళ్లేవాడు.

తెచ్చింది తెచ్చినట్టు కుమ్మరించేవాడు కాదు. ఒడ్డున గొంతుక్కూచుని, చెరువు నీళ్లు లోటాతో కొద్దికొద్దిగా బకెట్లో కలుపుతూ, చెయ్యి ముంచి రెండు నీళ్ల చలువా సమానమైందో లేదో చూసుకుంటూ, చేప మొప్పలు నిమ్మళించేదాకా ఆగేవాడు. ఆ తర్వాత బకెట్‌ను పక్కకు వంచి, దానంతట అది ఈదుకుంటూ పోయేలా వదిలేవాడు. తన తొట్లలో కొత్త చేపను ఎలా దించుతాడో అలాగే. ఊరికే పారబోసి ఉంటే సగమైనా చచ్చేవి. మేస్త్రి పనితనం వల్ల అన్నీ బతికాయి.

ఊరి మురుగు కాలవలన్నీ ఆ చెరువులోకే దిగుతాయి. వాటి నోళ్ల దగ్గర నీళ్లు నల్లగా, నురగ పట్టి ఉంటాయి. ఇలాంటి నీళ్లలో ఇవి సంసారం పెట్టేదెక్కడ, ఏదో నాలుగు రోజులు తిరుగుతాయి అనుకున్నాడు. మిగతా చేపలు ఊపిరాడక తేలే నీళ్లలో కూడా ఈ చేప పైకొచ్చి గుక్కెడు గాలి మింగి కిందికి పోతుందని ఆయనకు తెలుసు. కొనేవాళ్లకు ఆ సంగతి గొప్పగా చెప్పేవాడు కూడా. ఒడ్డున కూచున్నప్పుడు మాత్రం అది గుర్తు తెచ్చుకోలేదు.

కొన్నేళ్లకు వియ్యంకుడి ఎకసెక్కాలు తగ్గాయి. వలలో ఏదో ముళ్ల చేప పడుతోందట. తినడానికి పనికిరాదు, కొనేవాడు లేడు, వలలో పడిందంటే కత్తితో వల కోస్తే తప్ప రాదు. అడుగున ఉన్న మంచి చేపల గుడ్లు కూడా తినేస్తోందట. గట్టు మట్టిలో బొరియలు తవ్వితే ఒడ్డు పెళ్లలుగా విరిగి పడుతోందట. వల వేసి తెచ్చేదానికన్నా వల బాగుచేసుకునే పనే ఎక్కువైందని, పడవ అమ్మేసి ఎక్కడైనా కాపలా ఉద్యోగం చూసుకుంటానని అన్నాడు. ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు గాని, నీళ్ల మీద తప్ప నేల మీద ఎలా బతకాలో ఎరగని మనిషి.

ఒక ఆదివారం గోనెసంచి పట్టుకుని దుకాణానికి వచ్చాడు. సంచి నేల మీద దులిపితే మోచేయంత చేప పడింది. ఒళ్లంతా గట్టి పెంకు, మచ్చలు. రెక్కల ముళ్లకు వల ముక్క చిక్కుకునే ఉంది. పొద్దున పట్టిన చేప, మధ్యాహ్నమైనా మొప్పలు ఆడిస్తోంది.

"ఈ దెయ్యం పుట్టిల్లెక్కడో మీకేమైనా తెలుసా బావగారూ? చేపల డాక్టరు కదా మీరు."

మేస్త్రి చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. ఈ చేపను లాగకూడదు. లాగినకొద్దీ ముళ్లు బిగిస్తుంది. వలతో సహా నీళ్లలో ఉంచి, కడుపు కింద చెయ్యి వేసి కదలకుండా పట్టుకుంటే, బెదురు తగ్గాక తనే ముళ్లు ముడుచుకుంటుంది. అప్పుడు తలవైపుగా ముందుకు నెడితే వల తోక మీదుగా జారిపోతుంది. ఒక్క పోగు తెగదు. తొట్లో చేతివలకు చిక్కినప్పుడల్లా ఆయన చేసే పనే. కాని చెయ్యి సగం దూరం పోయి ఆగింది. ఆ పని చేసి చూపిస్తే, ఈ చేపను తను ఎరుగుదునని చెప్పినట్టే.

"నాకూ కొత్తే బావగారూ," అన్నాడు.

కోడలు టీ తెచ్చింది. నేల మీద చేపను చూసింది, తండ్రిని చూసింది. తర్వాత మామగారి భుజం మీదుగా వెనక తొట్టివైపు చూసింది. అందులో వేలెడంత పిల్లలు వరసగా అద్దానికి నోళ్లు అంటించుకుని ఉన్నాయి. అవే మచ్చలు. ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మేస్త్రి ఆ తొట్టిని గోనె పట్టా వెనక్కి జరిపాడు. ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కోడలి మొహం చూడడం మానేశాడు. ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు. వియ్యంకుడు వచ్చినప్పుడల్లా తెగిన వల కథ వినాల్సి వచ్చేది. ఒకసారి ఆయనకు మంచి నైలాన్ దారపు కండెలు కొనిచ్చాడు. మా బావగారి లాంటి మనిషి దొరకడం నా కూతురి అదృష్టమని ఆయన నలుగురికీ చెప్పుకున్నాడట. ఆ మాట విన్న రోజు మేస్త్రి సిలికాన్ గీత వంకరపోయింది. గీకేసి మళ్లీ వేశాడు, మళ్లీ వంకరపోయింది.

ఆ చెరువులో ఏటా చేపపిల్లలు వదులుతారు. వాటిని డబ్బాల్లో వ్యానుమీద తెచ్చే డ్రైవరు ఒకడున్నాడు. ముళ్ల చేప వాడి డబ్బాల్లోనే కలిసి వచ్చిందని వలవాళ్లు తేల్చుకున్నారు. వాడిని చెరువు గట్టు ఎక్కనివ్వకూడదని, మిగతా చెరువులవాళ్లకు కూడా కబురు పెట్టాలని అనుకున్నారు. వియ్యంకుడు పరుగున దుకాణానికి వచ్చాడు.

"రేపు వాడు వస్తున్నాడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పాలి బావగారూ, ఇది పిల్లల్లో కలిసే వచ్చిందని. మేం చెబితే మిగతా చెరువులవాళ్లు ఏడుపంటారు. మీరు చెబితే నమ్ముతారు."

మేస్త్రి సరేనన్నాడు. కాదనడానికి కారణం చెప్పాలి కాబట్టి సరేనన్నాడు. వియ్యంకుడు వెళ్లాక చూస్తే కోడలు మెట్ల మీద నిలబడి ఉంది.

"వెళ్తారా మామయ్యా?"

"పిలిచాడు కదమ్మా."

"అయితే నేనూ వస్తాను," అంది.

మర్నాడు గట్టు మీద వ్యాను ఆగి ఉంది. డ్రైవరు దాని తలుపు పట్టుకుని, తన డబ్బాల్లో చేపపిల్లల్ని వడకట్టాకే నింపుతారని అందరికీ మొదటినుంచీ చెబుతున్నాడు. ఎవరూ వినడం లేదు. వలవాళ్ల సంఘం పెద్ద మేస్త్రికి దారిచ్చి, ఇదిగో తెలిసినాయన వచ్చాడన్నాడు. కోడలు తండ్రి పక్కకు పోలేదు, మామగారి పక్కకూ రాలేదు. వ్యాను దగ్గర నిలబడింది.

మేస్త్రి నీళ్ల అంచుదాకా వెళ్లి ఆగాడు. ఎదురుగా వియ్యంకుడి పడవ. అందులో అప్పుడే తీసిన వల, వలలో కొట్టుకుంటున్న ముళ్ల చేప. వియ్యంకుడు నడుము దగ్గరి కత్తి తీసి వల అందుకున్నాడు.

"కొయ్యకండి," అన్నాడు మేస్త్రి.

పంచె తడుస్తుంటే నీళ్లలోకి దిగాడు. వలను చేపతో సహా నీళ్లలో ముంచి, కడుపు కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. అందరూ చూస్తూ నిలబడ్డారు. చేప కొట్టుకోవడం మానింది. ముళ్లు ముడుచుకుంది. మేస్త్రి తలను ముందుకు నెట్టాడు. వల తోక మీదుగా జారి, పోగు చెదరకుండా ఆయన చేతిలో మిగిలింది.

ఎవరో భేష్ అన్నారు. వియ్యంకుడు అనలేదు. ఆ వలను తీసుకుని వేళ్లతో తడిమి చూశాడు.

"ఈ పని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను సంచిలో వేసుకుని తెచ్చిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా తెలుసు."

తర్వాతది మేస్త్రి అడక్కుండానే చెప్పాడు. డ్రైవరు తేలేదని, తనే తెచ్చానని, బకెట్లతో తెచ్చి ఫలానా రాళ్ల దగ్గర వదిలేవాడినని, చంపలేక వదిలానని. నీళ్లు కలిపి వదిలిన సంగతి కూడా దాచలేదు. సంఘం పెద్ద, చేపల్ని చంపలేక మమ్మల్ని చంపావా అయ్యా అన్నాడు, గొంతు పెంచకుండానే. వెనక ఎవరో నవ్వారు. మేస్త్రి నీళ్లలోనే నిలబడ్డాడు. చేతిలో చేప అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వదలడానికి లేదు.

వియ్యంకుడు పడవలోంచి పొట్టి దుడ్డుకర్ర తీసి ఆయన ముందు ఒడ్డు రాయి మీద పెట్టాడు.

మేస్త్రి చేపను ఆ రాయి మీద ఆనించాడు గాని, ఆయనకు ఆ పని రాదు. మొదటి దెబ్బ పెంకు మీద జారి రాయికి తగిలింది. రెండోదీ సరిగ్గా పడలేదు. ఎక్కడ కొట్టాలో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. చివరికి చేప కదలడం ఆగేసరికి ఆయన మొహం మీద బురద, కళ్లలో నీళ్లు. వాటిని తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

డ్రైవరు గట్టు దిగి వచ్చాడు. మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు రాకపోతే నా బతుకు బజార్న పడేదండి. మీ మేలు మరిచిపోను."

ఎవరైనా చెంప పగలగొట్టినా మేస్త్రి తట్టుకునేవాడు. చేతులు విడిపించుకుందామంటే అవతలివాడు గట్టిగా పట్టుకున్నాడు. అంతమంది ఎదుట తల వంచుకుని, కాదు నాయనా, కాదు అని గొణిగాడు. వ్యాను పక్కన కోడలు కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అది తన కోసమో, తండ్రి కోసమో తెలుసుకోవాలని చూసే ధైర్యం చాలలేదు.

"మేస్త్రిగారూ," అని పిలిచాడు వియ్యంకుడు. పడవలో రెండో వల పైకి లాగుతున్నాడు. అందులోనూ మచ్చల ఒళ్లు మెలికలు తిరుగుతున్నాయి. "ఎండెక్కుతోంది. ఇటు చివర పట్టుకోండి."

మేస్త్రి డ్రైవరు చేతులు వదిలించుకుని వెళ్లి వల చివర పట్టుకున్నాడు.