అందరూ రావచ్చు, మేడ మీదికి

హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్లో, సోనారి పేటలో, మా తెలుగు ఆడవాళ్ల కోలాటం బృందానికి నేనే గురువుని. ఎవరూ ఎన్నుకోలేదు. ప్లాంటులో ఇరవయ్యేళ్లు మీటింగులు నడిపిన అలవాటుకొద్దీ ముందుకెళ్లి నిలబడ్డాను. మిగతావాళ్లు మొహమాటపడి ఊరుకున్నారు.

రెండేళ్ల కిందట నాకు హఠాత్తుగా హృదయం విశాలమైంది. కోలాటం ఇంజినీర్ల ఇళ్లవాళ్లదేనా, అందరిదీ కావాలి అని బృందానికి ఉపన్యాసమిచ్చాను. "వయసుతో పనిలేదు, తెలుగువారందరికీ స్వాగతం" అని పోస్టరు రాయించి, స్కూటరు మీద, రైల్వే పనివాళ్ల తెలుగు కుటుంబాలుండే బాగ్‌బేరా రైల్వే కాలనీకి వెళ్లి స్వయంగా అంటించి వచ్చాను. ఆ సాయంత్రమంతా నా మీద నాకే గౌరవంగా ఉంది.

ఆదివారం ఒకే ఒక్క ఆటో వచ్చింది. అందులోంచి రైల్వేలో బోగీలు కడిగే పని చేసి రిటైరైన ఒక పెద్దావిడ, తోడుగా ఆవిడ కోడలు దిగారు. మా ప్రాక్టీసు హాలు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. ఆవిడ కింద నిలబడి, తలెత్తి నన్ను పిలిచింది.

"ఏటమ్మా, అందరూ రండని రాసీసినారు. మేడ మీద ఎట్టినారు. ఈ మోకాళ్లతో నానెలాగెక్కుతాను?"

"మీరు అక్కడే కూర్చుని చూడండి," అన్నాను. కిందనుంచి రెండో అంతస్తులో ఏం కనిపిస్తుందో ఆలోచించలేదు.

"సూడ్డానికి రాలేదమ్మా. ఆడ్డానికొచ్చినాను."

ఈలోగా బృందమంతా కోలలు పట్టుకుని మెట్లు దిగిపోయింది, వెనకే నేనూ. స్కూటర్లు పక్కకు జరిపి, వాచ్‌మన్ కుర్చీ ఆవిడకు వేశారు.

కోడలు మాత్రం గేటు దగ్గరే ఆగింది. ఒడియా అమ్మాయి, తెలుగు రాదు. తెలుగువాళ్లకే అని పోస్టరులో ఉందని ఎవరో చెప్పారట. పాటలన్నీ తెలుగులో ఉంటాయి, కష్టమేమో అని నసిగాను.

"కర్రకి బాసేటమ్మా?" అంది అత్తగారు.

ఒక జత కోలలు తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

మా ఆటలో ఒకచోట వరస ఎప్పుడూ చెదిరిపోతుంది. ఏడాదిగా అందరినీ కసురుతూనే ఉన్నాను. ఆ రోజూ చెదిరింది. తన ముందుకు వచ్చినవాళ్ల కోలలకు కుర్చీలోంచే కోల తగిలిస్తున్న పెద్దావిడ మూడుసార్లు చూసింది.

"ఎవులూ తప్పు సెయ్యట్లేదు. మీరే ఓ దెబ్బ ముందు కొట్టెత్తన్నారు."

నేను ఒప్పుకోలేదు. సాక్ష్యం కోసం ఫోనులో వీడియో తీయించాను. అందరి కోలలూ కలిసే లోపే నా కోల ఒక్కటే గాలిని కొట్టి, ఎంతో గంభీరంగా మళ్లీ పైకి లేస్తోంది.

"మాకు తెలుసు మేడమ్. మీరు బాధపడతారని మేమే సర్దుకుపోతున్నాం," అందొకావిడ మెల్లగా.

అందరినీ కలుపుకోవాలని ఊళ్లో పోస్టర్లు అంటిస్తున్న నన్ను, వీళ్లు ఏడాదిగా కలుపుకుపోతున్నారన్నమాట. చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత నవ్వొచ్చింది, కానీ చాలాసేపటికి.

ఇప్పుడు ప్రాక్టీసు కింద వాకిట్లోనే. ముందు నిలబడి హిందీలో ఏక్, దో అని తాళం చెప్పేది ఆ కోడలు. నేను వరసలో, పెద్దావిడ కుర్చీకి దగ్గరగా ఉంటాను. మొన్న ఉగాదికి స్టేజీ ఎక్కకుండా, ముందున్న నేల మీదే ఆడాం. నేను తాళం తప్పింది ఒక్కసారే.

"దో బార్, ఆంటీ," రెండుసార్లని దిద్దుతుంది కోడలు.